నేర్చుకొనుట ఆజ్ఞకు లోబడునా?

హిందీలో 'శిక్షా' అనగా విద్య. తెలుగులో 'శిక్ష' అనగా దండన. రెండును ఒకే సంస్కృత ధాతువునుండి పుట్టిన మాటలే. హిందీనుండి తెలుగునకు అనువదించువానికి ఈ మాట ఎదురైనపుడెల్ల చిన్న చిక్కు తప్పదు. ఛత్తీస్‌గఢ్‌లో పంచాయతీల క్రింద పనిచేసిన ఉపాధ్యాయులను చాలకాలము 'శిక్షాకర్మీ' లనిరి. 2018లో వారిని పాఠశాల విద్యాశాఖలో విలీనము చేయుట మొదలైనది. తెలుగు చెవికి ఆ పేరు చెరసాల ఉద్యోగిని తలపింపజేయును. అయినను ఇది కేవలము నవ్వులాట కాదు. ఉద్యోగములో చేరిన పిదప ఉపాధ్యాయునికి ఏటేట ఇచ్చు శిక్షణలో ఈ రెండర్థములలో ఏది పనిచేయుచున్నదని అడుగక తప్పదు.

నయా రాయపూర్ కొత్తగా కట్టిన రాజధాని. 2018లో దానికి అటల్‌నగర్ అను పేరు చేర్చిరి. వెడల్పైన వీథులు, వాటికి తగినంతమంది లేని జనము. అక్కడ మంత్రాలయమునకు మహానది పేరు పెట్టిరి. శాఖాధిపతుల కార్యాలయములున్న భవనమునకు ఇంద్రావతి పేరు పెట్టిరి. ఇంద్రావతి మన గోదావరిలో కలియు నదియే. ఆ భవనములనుండి వెలువడు ఉత్తరువు నాలుగువందల కిలోమీటర్లకు పైగా దక్షిణముగా ప్రయాణించి, శబరీనది ఒడ్డున మన సరిహద్దును తాకియున్న కోంటాకు చేరవలెను. అచ్చటి పల్లెలలో దోర్లా పిల్లలు మాటాడునది దోర్లీ. అది గోండీ కుటుంబమునకు చెందిన నుడి. తెలుగు మాటలు అందులో విరివిగా కలిసినవి. పుస్తకము హిందీలో నున్నది. మైదానమునుండి వచ్చిన ఉపాధ్యాయునికి హిందీయు ఛత్తీస్‌గఢీయు వచ్చును, దోర్లీ రాదు. పిల్లవానికి వాని ఇంటిమాటలోనే చదువు మొదలుపెట్టవలెనని ఆయనకు శిక్షణలో బోధింతురనుకొందము. ఆ బోధ హిందీలో సాగును. ఆయన శ్రద్ధగా విని, ప్రశ్నలకు సరియైన సమాధానములు గుర్తించి, ప్రమాణపత్రము పొందును. మరునాడు బడిలో పిల్లవాడు నీళ్ళడిగిన మాట ఆయనకు అర్థము కాదు.

ఈ శిక్షణల చరిత్ర చూచినచో ఒక విచిత్రము కనబడును. 1964-66 నాటి కొఠారీ సంఘము ప్రతి ఐదేండ్ల ఉద్యోగములోను రెండు మూడు నెలల చదువు ఉపాధ్యాయునికి లభింపవలెనన్నది. 2001 తరువాత సర్వశిక్షా అభియాన్ ఏడాదికి ఇరువది దినములన్నది. 2020 నాటి జాతీయ విద్యావిధానము ఏడాదికి ఏబది గంటలన్నది. నెలలు దినములైనవి; దినములు గంటలైనవి. 2019లో 'నిష్ఠా' పేరున పెద్ద కార్యక్రమము ప్రారంభమై, మరుసటి యేడు మహమ్మారి వచ్చుటతో 'దీక్షా' అను అంతర్జాల వేదికమీదికి మారినది. నిష్ఠ, దీక్ష! పేర్లు పెట్టువారికి సంస్కృతము బాగుగా వచ్చునని ఒప్పుకొనవలెను. గంటలను లెక్కించుట సులభము. నిష్ఠను లెక్కించుటకు యంత్రమింకను రాలేదు.

అయితే ఉపాధ్యాయుని నేర్చుకొమ్మని నిర్బంధించు హక్కు రాజ్యమునకు లేదని చెప్పుటకు నా మనస్సొప్పదు. రోగి వైద్యుని మార్చుకొనగలడు. కక్షిదారు వకీలును మార్చుకొనగలడు. కోంటా పల్లెలోని పిల్లవాడు తన గురువును మార్చుకొనలేడు. ఎన్నుకొను శక్తి లేనివాని పక్షమున ఎవరో ఒకరు అడుగవలెను. విద్యాహక్కు చట్టము (2009) చేసినది ఆ పనియే. 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు, ఐదేండ్లకు మించి ఉద్యోగకాలము మిగిలిన ఉపాధ్యాయులు రెండేండ్లలో అర్హతాపరీక్షలో ఉత్తీర్ణులు కావలెననియు, కానిచో తప్పుకొనవలెననియు తీర్పు చెప్పినది. ఇరువదియేండ్లు పాఠము చెప్పినవానికి అది పిడుగుపాటు. ఇన్నాళ్ళు నా చేత చదివించుకొన్న వందలమంది సాక్ష్యము చాలదా అని ఆయన అడుగును. ఆ ప్రశ్నలో బాధ యున్నది. న్యాయముకూడ కొంత యున్నది. కాని ఆ సాక్ష్యమును ఇంతవరకు అడిగి వ్రాసికొన్నవారెవరు? పరీక్ష తప్ప మరియొక కొలతను మనము కట్టుకొనకపోయినందుననే పరీక్ష ఇంత క్రూరముగా కనబడుచున్నది. వాకిట నిలిపి పరీక్షించుట ఒకటి, ఇంటిలో ఎదుగుచున్నాడా అని చూచుట మరియొకటి. మొదటిది రెండవదానికి బదులు కాజాలదు.

ఇంతకును ఆజ్ఞ చేత సాధింపగలిగినది హాజరు మాత్రమే. అదియు ఊరక రాదు. ఏకోపాధ్యాయ పాఠశాలలో ఆ ఒక్కడు శిక్షణకు పోయినచో బడి మూతపడును. గురువు మెరుగుపడుటకై వెచ్చించిన ప్రతి దినమును పిల్లల దినములనుండి తీసినదే. జనాభా లెక్కలకు, ఎన్నికలకు ఆయనను పిలుచుటకు చట్టమే వీలు కల్పించినది. మిగిలిన సాయంకాలములలో ఏబది గంటలు పూర్తిచేయుమనుట, బదులు ఉపాధ్యాయుని పంపకయే చదువుకొమ్మనుట, రాజ్యము తన ఋణమును ఉపాధ్యాయుని పేర వ్రాయుట. నిర్బంధించు హక్కుతో వీలు కల్పించు బాధ్యతయు పుట్టును. మొదటిది ఉత్తరువులో నుండును. రెండవదానికి పద్దు దొరకదు.

మన పూర్వులు ఈ విషయమును వేరుగా చూచిరి. తైత్తిరీయోపనిషత్తులో శీక్షావల్లి అను భాగము గలదు. అచ్చట ప్రతి ధర్మముతోపాటు తాను చదువుట, ఇతరులకు చెప్పుట అను రెండింటిని జంటగా పేర్కొందురు. చదువు ముగించి ఇంటికి పోవు శిష్యునికి కూడ ఆ రెండింటిని విడువవలదని చెప్పుదురు. వ్యాకరణము సైతము ఇదే మాట చెప్పుచున్నది: అధ్యయనమునకు ప్రేరణరూపమే అధ్యాపనము. తాను చేయని క్రియను ఒకడు ఇతరులచేత ఎట్లు చేయించును?

దీనికి గిడుగు రామమూర్తిగారికంటె మంచి ఉదాహరణ నాకు తోచదు. పర్లాకిమిడిలో ఆయన చరిత్రోపాధ్యాయుడు. చుట్టుపట్ల కొండలలోని సవరల భాషను నేర్చుకొమ్మని ఆయనకు ఏ యుత్తరువును రాలేదు. అడిగి తెలిసికొని, వ్రాసికొని, సవర పిల్లలకు వారి మాటలోనే వాచకములు కూర్చెను. 1931లో ఆ భాషకు వ్యాకరణమును, 1938లో నిఘంటువును వెలువరించెను. ఇట్టివారిని చూపి సామాన్యులను నిందించుట అన్యాయము. గిడుగువంటివారు నూరేండ్లకొక్కరు, బడులు లక్షలు. సామాన్యునికి ఏర్పాటు కావలెను. కాని ఆ యేర్పాటు ఆయన చేసిన పనిని పోలియుండవలెనా, లేక సమాధానములు గుర్తించు పనిని పోలియుండవలెనా?

ఛత్తీస్‌గఢ్‌లో కొన్ని బడులను ఒక 'సంకుల్'గా చేర్చియున్నారు. కోంటా ప్రాంతపు ఉపాధ్యాయులు ఒకచోట కూడినపుడు, పలకలు, ప్రకటనాపత్రములు ప్రక్కన బెట్టి, పల్లెలోని ఒక దోర్లా తల్లిని కూలి యిచ్చి పిలిచి, నీళ్ళను, ఆకలిని, జ్వరమును, భయమును ఆమె ఏమందురో నేర్చుకొనవచ్చును. దానికి రెండు గంటలు చాలును. ఆ రెండు గంటలను ఏబదిలో జమ కట్టుదురా లేదా అన్నది ఇంద్రావతీ భవనమువారు చెప్పవలెను. ప్రమాణపత్రముపై ఆమె వేలిముద్ర చెల్లునా అన్నదికూడ వారే తేల్చవలెను.