తాళముచెవియు, తాళము చేసినవాఁడును

ధనము దాఁచుకొనువాఁడు తాళమును పరీక్షించును గాని తాళము చేసినవానిని పరీక్షింపఁడు. ఇది లోకసహజము. 2009లో బిట్‌కాయిన్ వెలువడినది మొదలు దాని పక్షమువారు ఇఁక నెవ్వరిని నమ్మఁబనిలేదని చాటుచున్నారు. బ్యాంకు లేదు, గుమాస్తా లేఁడు. 256 బిట్ల రహస్యసంఖ్య యొక్కటి మన వశమం దున్నఁ జాలునట. ఆ సంఖ్య నూహించి పట్టుట మానవసాధ్యము కాదని మేమును ఒప్పుకొందుము. కాని యది పుట్టునదియు, పనిచేయునదియు ప్రాసెసరులోనే గదా! ఆ ప్రాసెసరును విప్పి చూచిన గృహస్థుఁ డెవ్వఁడు?

2008 ప్రాంతమునుండి ఇంటెల్ వారి చిప్పులతో నడచు కంప్యూటరులలో మేనేజ్‌మెంట్ ఇంజన్ అను ఉపయంత్ర మొకటి చేరియున్నది. యజమాని నడపు సాఫ్టువేరునకు అది లోఁబడదు. కంప్యూటరును ఆపివేసినను, విద్యుత్తున్నంతవఱకు మేలుకొని యుండఁగలదు. కార్యాలయములలోని యంత్రములను దూరమునుండి చక్కఁబెట్టుటకు ఇది యుపకరించును. ఇది దొంగద్వారమే యని యెవ్వరును నిరూపింపలేదు; మేమును ఆ నింద వేయము. అయినను 2017 మే నెలలో బయల్పడిన లోపమును చూడుఁడు. దూరమునుండి ప్రవేశింపఁ గోరువాఁడు పంపిన జవాబును అసలు జవాబుతో పోల్చునపుడు, పంపిన జవాబు ఎంత పొడవున్నదో అంతవఱకే పోల్చెడివారు. ఏమియు పంపనివానికి పోల్చవలసిన దేమియు లేదు గనుక తలుపు తెఱచుకొనెడిది! ఇట్టి కావలివానిని ధాన్యపుకొట్టుకడనైన ఒక్కపూట యుంచరు. ఈ లోపము ఏండ్లతరబడి వ్యాపారపు కంప్యూటరులలో నుండెను.

సదుద్దేశముతో చేసినదానిని శంకింప నేల యని కొందఱందురు. యజమానికి చెప్పక యింటికి దిడ్డి పెట్టిన మేస్త్రి సజ్జనుఁడే కావచ్చును. ఆ దిడ్డిగుండ వచ్చు దొంగకు మేస్త్రి మంచితనముతో పని యేమి? రహస్యసంఖ్యను ఇంటర్నెట్టునకు దూరముగ, వేఱొక చిన్న పరికరములో దాఁచుట మేలే. కాని యందును చిప్పు గలదు, దానిని చేసినవారు గలరు. ప్రతి గృహిణియు ప్రాసెసరును చేసికొనఁగలదా? లేదు, నమ్మక తప్పదు. నమ్ముమని కోరువాఁడు పరీక్షకు ఒప్పుకొనవలె ననుటయే మా వాదము.

2017 ఆగస్టులో పాజిటివ్ టెక్నాలజీస్ పరిశోధకులు ఆ ఇంజనును చాలవఱకు నిద్రపుచ్చు అప్రకటితమైన మీటవంటి దానిని కనుఁగొనిరి. అమెరికా ప్రభుత్వపు భద్రతాకార్యక్రమమునకు సంబంధించి, ప్రత్యేకావసరములు గల కొనుగోలుదారుల కోరికపై దానిని పెట్టితిమని ఇంటెల్ వారు ఒప్పుకొనిరి. ప్రభుత్వమువారి శంక న్యాయమైనచో, తన కష్టార్జితమును ఆ పెట్టెలోనే దాఁచుకొన్న సామాన్యుని శంక యెట్లు అన్యాయమో మాకు బోధపడలేదు.