వాక్యం వెంట ప్రార్థన

క్రైస్తవ ప్రార్థనలో రెండు మాటలు కలుస్తాయి: దేవుడు మనిషితో చెప్పినది, మనిషి దేవునికి చెప్పుకునేది. లేఖనాన్ని ఆధారం చేసుకుని ప్రార్థించడమంటే మొదటి మాటను ముందుంచడం. ఒక భాగాన్ని నెమ్మదిగా చదివి, అది ఎత్తిన విషయానికే జవాబు చెప్పడం. ప్రార్థించేవాడి మనసులో అప్పటికే ఉన్న కోరికల చిట్టా పక్కకు పోదు. అయితే ఏది ముందు, ఏది వెనుక అన్నది వాక్యం తేలుస్తుంది.

ఈ పద్ధతి బైబిలులోనే ఉంది. దానియేలు యిర్మీయా రాతల్లో 70 ఏళ్ల చెర గురించి చదివి, చదివినదాని మీదే ఉపవాసముండి ప్రార్థించాడు (దానియేలు 9). యోనా చేప కడుపులో చేసిన ప్రార్థన నిండా కీర్తనల పలుకులే. మరియ పాడిన స్తుతిలో ఎంతో ముందరి హన్నా ప్రార్థన వినిపిస్తుంది. పేతురు, యోహానులు బెదిరింపులు విని వచ్చినప్పుడు యెరూషలేము సంఘం రెండో కీర్తనను ఎత్తుకుని, తమ ఊరి పాలకుల పేర్లు అందులో పెట్టి ప్రార్థించింది (అపొస్తలుల కార్యములు 4). సిలువ మీద యేసు పలికిన మాటల్లో రెండు 22, 31 కీర్తనలవి. ప్రాణం పోయే వేళ ఆయన కొత్త మాటలు వెతుక్కోలేదు.

తెలుగువాడు తన భాషలో ఇలా ప్రార్థించాలంటే ముందు తెలుగులో వాక్యం ఉండాలి. ఆ పనిలో పెద్ద భాగం విశాఖ తీరంలో జరిగింది. 1805లో లండన్ మిషనరీ సొసైటీ తరఫున జార్జి క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ విశాఖపట్నం చేరారు. బ్రాహ్మణ కులం నుంచి క్రైస్తవుడైన ఆనందరాయర్ తోడ్పాటుతో సువార్తల అనువాదం మొదలుపెట్టారు. క్రాన్ 1809లో, డెస్ గ్రాంజెస్ 1810లో చనిపోయారు. మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో శ్రీరాంపూర్‌లో అచ్చయ్యే నాటికి ఆ ఇద్దరూ లేరు. మరో పదేళ్ల లోపే ఎడ్వర్డ్ ప్రిచెట్ కొత్త నిబంధన వెలువడింది. పూర్తి బైబిలు చేతికి రావడానికి మాత్రం 19వ శతాబ్ది సగం గడిచింది. ప్రార్థన నేర్పే 150 కీర్తనలు పాత నిబంధనలో ఉన్నాయి కాబట్టి ఆ ఆలస్యం చిన్నది కాదు.

విశాఖ పక్కనే ఉన్న భీమునిపట్నంలో రెండు భిన్న సంప్రదాయాలు వేళ్లూనుకున్నాయి. డచ్చివారి సమాధులున్న ఈ పాత రేవులో 19వ శతాబ్ది మధ్యలో ఆంగ్లికన్ల సెయింట్ పీటర్స్ చర్చి వెలసింది. 1870ల్లో కెనడియన్ బాప్టిస్టు మిషన్ ఇక్కడ కేంద్రం తెరిచింది. ఆంగ్లికన్ ప్రార్థన పుస్తకం 150 కీర్తనలను 30 రోజులకు, ఉదయం సాయంత్రం భాగాలుగా పంచుతుంది. ఏ రోజు ఏది చదవాలో భక్తుడి ఇష్టానికి వదలదు. బాప్టిస్టుల ప్రార్థన అప్పటికప్పుడు గుండెలోంచి వచ్చేది. కానీ కూడికలో పెద్దావిడ లేచి కళ్లు మూసుకుని చేసే ప్రార్థనను శ్రద్ధగా వింటే, అందులో సగం కీర్తనల మాటలే ఉంటాయి. పుస్తకం చేతిలో లేదు గాని వాక్యం నోట ఉంది. చదువు రాని వారు సైతం విని, కంఠతా పట్టి, ఆ మాటలతోనే దేవునితో మాట్లాడారు. ఈ వారసత్వానికి దక్కవలసినంత గౌరవం దక్కలేదు.

పద్ధతి విషయంలో మార్టిన్ లూథర్ 1535లో తన క్షురకుడు పేతురు కోసం రాసిన చిన్న పుస్తకం నేటికీ పనికొస్తుంది. పది ఆజ్ఞల్లో ఒక్కోదాన్ని తీసుకుని అది ఏం నేర్పుతోంది, దేనికి కృతజ్ఞత చెప్పాలి, ఏ పాపం ఒప్పుకోవాలి, ఏం అడగాలి అని నాలుగు విధాలా ఆలోచించమన్నాడు. మధ్యలో ఏదైనా ఒక తలంపు మనసును పట్టేస్తే మిగతావి వదిలి అక్కడే ఆగమన్నాడు. ఆ చివరి సలహా అన్నిటికన్నా విలువైనది.

గోస్తనీ నది సముద్రంలో కలిసే చోట చేపల వేట మీద బతికే ఒక క్రైస్తవ కుటుంబం 107వ కీర్తన తెరిచిందనుకుందాం. 23వ వచనం నుంచి ఓడలెక్కి వెళ్లేవారి కథ ఉంది: గాలి లేస్తుంది, అల ఆకాశానికెత్తి అగాధంలో దించుతుంది, తెలివి పనిచేయదు, మొర పెడతారు, తుపాను ఆగుతుంది, కోరిన రేవు చేరతారు. లూథర్ చెప్పిన నాలుగు విధాలా చదివితే, అలలో కూడా దేవుని కార్యాన్ని చూడమని ఈ భాగం నేర్పుతుంది. తిరిగి వచ్చిన ప్రతి పడవకూ స్తోత్రం చెప్పిస్తుంది. గండం గడిచాక మొర మరచిపోవడాన్ని ఒప్పుకునేలా చేస్తుంది. ఇక అడగడం: ఇంకా ఒడ్డు చేరని వారి కోసం, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల వేట నిషేధంలో ఇల్లు గడవడం కోసం. అదే కీర్తన తొలి భాగాల్లో దారి తప్పినవారు, చెరలో ఉన్నవారు, రోగులు కనిపిస్తారు. సముద్రం గురించి మొదలైన ప్రార్థన జైలు దాకా, ఆసుపత్రి దాకా వెళ్తుంది. మనిషిని తన ఇంటి గోడ దాటించడమే వాక్యం చేసే మేలు.

తెలుగు సంఘాల్లో బాగా పాతుకుపోయిన మరో అలవాటు వాగ్దాన వచనం. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో కార్డు తీసుకుని, అందులోని వచనాన్ని ఏడాదంతా పట్టుకుని ప్రార్థిస్తారు. ఆ ఆశ నిజమైనది, దాన్ని చులకన చేయకూడదు. కాని వచనాన్ని అధ్యాయం నుంచి విడదీస్తే ప్రార్థన చిక్కిపోతుంది. యిర్మీయా 29:11 అలాంటి కార్డుల్లో తరచూ కనిపిస్తుంది. అది బబులోను చెరలో ఉన్నవారికి రాసిన ఉత్తరంలోని మాట. దాని ముందు వచనంలోనే 70 ఏళ్లు ఆగాలని ఉంది. ఏడో వచనంలో, మిమ్మల్ని చెరపట్టిన ఆ పట్టణం క్షేమం కోసమే ప్రార్థించండి అని ఉంది. గుజరాత్‌లోని వేరావల్ రేవుకు వలస వెళ్లి బోట్లెక్కే ఉత్తరాంధ్ర మత్స్యకారుడు అధ్యాయమంతా చదివితే తన భవిష్యత్తుతో పాటు వేరావల్ కోసం కూడా ప్రార్థిస్తాడు. కార్డు అంత దూరం తీసుకెళ్లదు.

కష్టమైన కీర్తనల సంగతి వేరే చెప్పాలి. 88వ కీర్తన మొరతో మొదలై చీకటిలోనే ముగుస్తుంది. 137వది శత్రువుల పసిబిడ్డల మీదికి కోపాన్ని వదులుతుంది. మొదటిదాన్ని దుఃఖంలో ఉన్నవారి నుంచి దాచడం అన్యాయం. విశ్వాసి ఇంత చేదుగా మొర పెట్టవచ్చని వారికి తెలియాలి. రెండోదాన్ని శత్రువుల కోసం ప్రార్థించమన్న యేసు మాటతో కలిపి చదవాలి. ఆ కోపం చేతిలోని కత్తిగా మారకముందే దేవుని ముందుకు వచ్చిందని గమనించాలి.

ఆంగ్లికన్ ప్రార్థన పుస్తకంలోని 30 రోజుల క్రమంలో ఏ కీర్తనా ఎవరి స్థితీ చూసి రాదు. ఇంట్లో పెళ్లి రోజున శోక కీర్తన రావచ్చు. దాన్ని దాటేయాల్సిన పనిలేదు: ప్రభువు నేర్పిన ప్రార్థనలో అడిగేదంతా 'మాకు' అనే గాని 'నాకు' అని లేదు. ఆ ఉదయం అదే సంఘంలో ఒకరు ఆసుపత్రిలో ఉంటారు, ఒకరు వేటకెళ్లిన కొడుకు కోసం ఎదురుచూస్తుంటారు. పెళ్లింటివారు ఆ కీర్తనను వారి పేర్లతో చదువుతారు.