మతిస్థిమితము లేనివాని నేరము

మతిస్థిమితము లేనివాడొకడు నరహత్య చేసినయెడల వానిని హంతకుడని శిక్షింపవచ్చునా? చంపబడినవాని యింటివారి కన్నీరు చూచినప్పుడు వానిని విడిచిపెట్టుడని మనము తేలికగా చెప్పలేము. అయితే తానేమి చేయుచున్నాడో యెరుగనివానిని ఉరితీయుటకును మన మనస్సాక్షి యొప్పుకొనదు.

1843వ సంవత్సరము జనవరిలో లండను పట్టణమందు డానియేలు మెక్‌నాటన్ అనువాడు ప్రధానమంత్రి కార్యదర్శియైన ఎడ్వర్డు డ్రమ్మండును తుపాకితో కాల్చెను. డ్రమ్మండు ఐదు దినములకు మరణించెను. అధికారపక్షమువారు తన్ను వెంటాడి హింసించుచున్నారని మెక్‌నాటన్ భ్రమపడియుండెను. జూరీవారు వానిని నిర్దోషియనగా ప్రజలు మిక్కిలి కోపించిరి. అప్పుడు ప్రభువుల సభ అడిగిన ప్రశ్నలకు న్యాయాధిపతులిచ్చిన ప్రత్యుత్తరములు అనేక దేశముల చట్టములకు మాదిరియైనవి. అయినను మెక్‌నాటన్ ఇంటికి పోలేదు. 1865లో చనిపోవువరకు పిచ్చాసుపత్రులలోనే ఉంచబడెను.

మన దేశములో 1860 నాటి శిక్షాస్మృతి 84వ సెక్షను ఈ సంగతిని చెప్పెను. 2024 జూలై 1 నుండి భారతీయ న్యాయసంహిత 22వ సెక్షను దాని స్థానమున నున్నది. జబ్బు ఉన్నదనుట మాత్రమే చాలదు. ఆ క్రియ చేసిన సమయమందు అది యెట్టిదో వానికి తెలియకుండెనా? లేక అది తప్పనియైనను, చట్టవిరుద్ధమనియైనను గ్రహింపలేకుండెనా? తన యిష్టముతో త్రాగి మైకములో చేసినవానికి ఈ ఆశ్రయము లేదు.

వెఱ్ఱివానివలె నటించువారును కలరు గదా? దావీదు గాతు రాజైన ఆకీషు ఎదుట అట్లే నటించి తప్పించుకొనెను. కనుక రుజువు చేయు భారము ముద్దాయిమీదనే యున్నది. నేరమునకు ముందును, చేయునప్పుడును, తరువాతను వాడెట్లు ప్రవర్తించెనో చూడవలెనని 1964లో సుప్రీంకోర్టు చెప్పెను.

ముందు సంగతి ఎవరికి తెలియును? ఇంటివారికి, ఇరుగుపొరుగువారికి, సంఘమునకు తెలియును. రాత్రులు నిద్రలేక తిరుగుట, లేని శత్రువులతో మాటలాడుట మనము చూచుచునే యుందుము. ఆడపిల్లకు సంబంధము తప్పిపోవునని సిగ్గుపడి దాచుదుము. దయ్యమని తలంచి కొట్టుదుము. లేదా ప్రార్థన చాలునని వైద్యునియొద్దకు పంపకుందుము. తరువాత ఘోరము జరిగినప్పుడు కోర్టుకు చూపుటకు ఒక్క చీటీయైనను ఉండదు.

యజమానుని చిత్తమెరిగిన దాసుడు ఎక్కువ లెక్క అప్పగింపవలెనని లూకా సువార్త 12వ అధ్యాయము బోధించుచున్నది. వానికి ఏమి తెలియునని చట్టము అడుగుచున్నది. అయితే తెలిసియు ఊరకున్న మన సంగతియేమి?

కాబట్టి అట్టివారిని ఆలస్యము చేయక వైద్యమునకు తీసికొనిపోవుదము. విశాఖపట్టణములోను, హైదరాబాదు ఎర్రగడ్డలోను ప్రభుత్వ మానసిక వైద్యశాలలున్నవి. వైద్యులిచ్చిన చీటీలను భద్రపరచుదము. సాక్ష్యమునకు పిలిచినయెడల చూచినది చూచినట్లు చెప్పుదము. చంపబడినవాని యింటిని విడువక ఆదరించుదము. ఒకరిపట్ల కనికరము చూపుటకు మరియొకరి దుఃఖమును మరువనక్కరలేదు.