పిజ్జా చల్లారిపోయిన సాయంత్రం



1986లో అమెరికాలో ఆన్ ఎం. మార్టిన్ రాసిన ‘ది బేబీ సిట్టర్స్ క్లబ్’ మొదటి పుస్తకం వచ్చింది. ఊరు స్టోనీబ్రూక్, కల్పితమే. నలుగురు ఆడపిల్లలు వారానికి మూడు సాయంత్రాలు తమలో ఒకరైన క్లాడియా గదిలో చేరేవారు. ఆ గదిలో ఆమెకు సొంత ఫోన్ ఉంది మరి! అరగంటలో ఎవరింటి పిల్లల్ని ఎవరు చూసుకోవాలో తేల్చేసేవారు.

అప్పట్లో చదివిన పిల్లల కళ్లన్నీ ఆ నలుగురిలో క్రిస్టీ మీదే. క్లబ్ ఆలోచన ఆమెదే. ఇప్పుడు నడివయసులో మళ్లీ తెరిస్తే కనిపించేది ఆమె తల్లి. భర్త వదిలి వెళ్లాడు, నలుగురు పిల్లలు, ఉద్యోగం. చిన్నవాణ్ణి చూసుకునేవాళ్లు దొరక్క ఒకరి తర్వాత ఒకరికి ఫోన్లు చేస్తుంటే పక్కన పిజ్జా చల్లారిపోతుంది. చిన్నప్పుడు చదివితే అది కథకు మొదలు, అంతే. ఇప్పుడు చదివితే ఆవిడ అలసట.

ఇక వాట్సన్. తల్లిని పెళ్లాడబోయే ఆ ధనవంతుడంటే క్రిస్టీకి గిట్టదు. ఏం చేసినా మొహం చిట్లిస్తుంది. అతని పిల్లలు కేరన్, ఆండ్రూలను చూసుకోవాల్సి వచ్చాకే కాస్త మెత్తబడుతుంది. అదీ ముందు పిల్లల మీదే! రచయిత్రి తొందరపడి కలిపెయ్యలేదు, నాకు నచ్చింది అదే. మనసులు కలవకముందే పెళ్లిళ్లు జరిగిపోతాయి, అల్మారాలు పంచుకోవాల్సి వస్తుంది.

తర్వాతి భాగాల్లో కొన్ని ఒకే మూసలో పోసినట్టుంటాయి. అయినా ఈ వరస 2000 దాకా సాగింది.