నీలకంఠ పతకము – కాయక ధర్మము

క్షీరసాగర మథనమున హాలాహలము పుట్టినప్పుడు శివుడు దానిని కడుపులోనికి పోనీయలేదు, లోకముపై ఉమియలేదు, కంఠముననే నిలిపెను. నాగలాపురము చేరువనున్న సురుటుపల్లిలో, విషపానానంతరము పార్వతీదేవి ఒడిలో శయనించిన శివమూర్తిని నేటికిని దర్శింపవచ్చును. ఈ గాథను తలపించు మీనా పతకమును చేయించి మెడలో ధరింపవలెనను కోరిక భక్తులకు కలుగుట సహజమే. అయితే అట్టి ఆభరణము ఎప్పుడు ధర్మసమ్మతమగును?

ఇష్టలింగధారికి వేరొక పతకము పూజ్యము కాదు. అది స్మరణకు మాత్రమే. కనుక దేనిని స్మరింపజేయుచున్నదో విచారింపవలయును.

మీనా యనగా లోహముపై కరగించి అతికించిన రంగుగాజు. గాజునకు మూలము సిలికా. నెల్లూరు సీమ సముద్రతీరమున, గూడూరు దగ్గరి చిల్లకూరు, కోట ప్రాంతములలో గాజు పరిశ్రమకు పనికివచ్చు తెల్లని సిలికా ఇసుక విస్తారముగా లభించును. అట్టి గాజునకు కోబాల్టు చేర్చిన నీలము, రాగి చేర్చిన పచ్చదనము కలుగును. కంసాలి వెండి రేకుపై బొమ్మ గీసి, ఉలితో గుంటలు చెక్కి, నీటితో తడిపిన గాజుపొడిని వానిలో నింపును. తడి ఆరిన పిదప సుమారు 750 నుండి 850 డిగ్రీల సెంటిగ్రేడు వేడిలో కాల్చును. మేలిమి వెండియే 961 డిగ్రీలకు కరగును గనుక, కన్ను క్షణము ఏమరినను పని చెడును. ఎక్కువ వేడిని ఓర్చు రంగును ముందు, సున్నితమైన రంగును చివర వేసి, పలుమారులు కాల్చి, తుదకు రాతితో అరగదీసి నునుపు చేయును.

ఇందు దాగిన విషమొకటి కలదు. గాజు తేలికగా కరగి మెరయుటకై పూర్వకాలపు మీనా రంగులలో సీసము చేర్చుట పరిపాటి. సీసపు ధూళి రక్తమును, నరములను చెరచును; పసిబిడ్డలకు మరింత హాని చేయును. ఇసుక త్రవ్వుచోట, పొడిచేయుచోట లేచు సన్నని సిలికా ధూళి ఊపిరితిత్తులను గట్టిపరచి మనిషిని క్రుంగదీయును. ధరించువారి మెడలో నీలకాంతి, చేయువాని రొమ్ములో విషము! శివుడు పరుల విషమును తాను గ్రహించెను. ఇచ్చట మన విషమును పరుడు గ్రహించుచున్నాడు. కథ తలక్రిందులైనది.

"అడిగిన కూలి ఇచ్చితిమి గదా" యని కొందరందురు. ఆకలిగొన్నవాడు ఒప్పుకొనిన కూలి వాని ఊపిరికి వెల కాజాలదు. 12వ శతాబ్దమున కల్యాణమున బసవేశ్వరుడు కాయకమునకు పూజాస్థానమొసగెను. చెప్పులు కుట్టు మాదార చెన్నయ్య, బట్టలుతుకు మడివాళ మాచయ్య, త్రాళ్ళు పేను నులియ చందయ్య శరణులై వెలసిరి. కిన్నర బ్రహ్మయ్య పూర్వము స్వర్ణకారుడని శరణ సంప్రదాయము. కాయకము పూజయైనచో కొలిమియు పూజాస్థలమే. అందు పనివానిని రోగిని చేయుట పూజకుని గాయపరచుటయే.

కావున ఆభరణమును మానుకొనవలెనా? అక్కరలేదు. మానినచో కంసాలి కాయకమే పోవును. నేడు సీసము లేని మీనా రంగులు లభించుచున్నవి. పొడిని నీటిలో నూరుట, కొలిమి కడ గాలి వెలుపలికి పోవు ఏర్పాటు, ముక్కునకు తగిన రక్షణ, తొందరపెట్టని గడువు: ఇవి ఖర్చుతో కూడినవే. ఆ ఖర్చు చేయించువానిదే గాని చేయువానిది కాదు. అందుకై పతకము పరిమాణము తగ్గినను లోపము లేదు.

పతకమునకు వెల అడుగుటకు ముందు, దానిలోని విషమును ఎవరు మ్రింగుచున్నారని అడుగువాడే నీలకంఠుని నిజముగా స్మరించినవాడు.