కారు బ్రేకులూ, 'తెలియలేదు' అనే మాటా

తప్పు జరిగిన చోట మనిషి నోట మొదట వచ్చే మాట "నాకు తెలియలేదు" అని. చాలా సందర్భాల్లో అది నిజమే. తెలియక చేసినవాణ్ణి తెలిసి చేసినవాడితో సమంగా చూడడం న్యాయం కాదని లోకం ఒప్పుకుంటుంది. అయితే తెలియకపోవడం ఒకటి, తెలుసుకోకపోవడం మరొకటి. ఈ రెంటికీ మధ్య గీత ఎక్కడ గీయాలి? ఇది వేదాంతుల ప్రశ్నలా కనిపిస్తుంది గాని, దీనికి జవాబు వెదకడానికి మన ఇంటి ముందు నిలబెట్టిన కారే చాలునని మా ఉద్దేశం. కారంతా కూడా అక్కర్లేదు, దాని బ్రేకులు చాలు.

ఈ దేశంలో కారు లేనిదే పాలడబ్బా ఇంటికి రాదు. అయినా మనలో చాలామందికి కారంటే తాళంచెవి, గ్యాసు, ఇన్సూరెన్సు, అంతే. అందుచేత ముందు ఆ యంత్రం సంగతి నాలుగు ముక్కలు చెప్పుకుందాం. పెడలు తొక్కితే గొట్టాల్లోని ద్రవం ఆ ఒత్తిడిని చక్రాల దాకా మోస్తుంది. చక్రంతో పాటు తిరిగే ఇనుప పళ్ళెం ఒకటుంటుంది. దాన్ని రోటారు అంటారు. దానికి అటొకటి ఇటొకటి ఉన్న ప్యాడ్లు పట్టకారులా దాన్ని నొక్కి పడతాయి. కారు పరుగులో ఉన్న శక్తి ఆ రాపిడిలో వేడిగా మారి గాలిలో కలిసిపోతుంది. వేగం రెట్టింపయితే ఈ శక్తి నాలుగింతలవుతుంది. కనుక ముప్ఫై మైళ్ళ వేగంలో సరిపోయిన బ్రేకు అరవై మైళ్ళ వేగంలోనూ సరిపోతుందని ధైర్యం చెప్పడానికి లేదు. ఆపిన ప్రతిసారీ ప్యాడు కాస్త అరుగుతుంది, రోటారూ కొంత అరుగుతుంది. అరగడం వాటి లోపం కాదు, వాటి వృత్తే అది.

కొత్త ప్యాడు మీద రాపిడి పదార్థం సాధారణంగా 10, 12 మిల్లీమీటర్ల మందం ఉంటుంది. అది 3 మిల్లీమీటర్లకు దిగిందంటే మార్పించుకొమ్మని మెకానిక్కులు చెబుతారు. బ్రిటన్‌లో జరిగే ఎమ్.ఓ.టి. పరీక్షలో 1.5 మిల్లీమీటర్లకంటె తగ్గితే కారు తప్పినట్టే. రోటారుకు కూడా ఇంతకంటె పలచబడరాదనే హద్దు ఉంది. చాలా రోటార్ల మీద ఆ అంకె వేసే ఉంటుంది. పలచబడ్డ రోటారు వేడిని తట్టుకోలేదు.

మరి మార్చే వేళ అయిందని మనకెలా తెలుస్తుంది? ఇన్ని వేల మైళ్ళకని ఒక లెక్క చెప్పడానికి లేదు. టర్న్‌పైక్ మీద ఒకే వేగంతో పోయే కారుకూ, జెర్సీ సిటీలో దీపం దీపానికీ ఆగే కారుకూ ప్యాడ్లు ఒకే తీరుగా అరగవు. అందుకని చాలా ప్యాడ్లకు చిన్న ఇనుప రేకు ఒకటి తగిలించి ఉంచుతారు. ప్యాడు అడుగంటే వేళకు ఆ రేకు రోటారుకు తగిలి కీచుమని అరుస్తుంది. కొన్ని కార్లలో అరుపుకు బదులు డాష్‌బోర్డు మీద దీపం వెలుగుతుంది. ఆ అరుపును లెక్కచేయకుండా నడిపితే కొన్నాళ్ళకు ఇనుము ఇనుమును గీకే గరగర మొదలవుతుంది. అప్పటికి ప్యాడు పూర్తిగా అయిపోయి, దాని వెనుకనున్న ఇనుపపలక రోటారును చెక్కేస్తూ ఉంటుంది. ప్యాడ్లతో పోవలసిన ఖర్చు రోటార్ల దాకా వస్తుంది. బ్రేకు తొక్కినప్పుడు పెడలూ స్టీరింగూ అదురుతుంటే సాధారణంగా రోటారు మందం అంతటా సమంగా లేదన్నమాట. కారు ఒక ప్రక్కకు లాగినా, పెడలు మునుపటికంటె లోతుకు దిగినా చూపించుకోవలసిందే. బ్రేకు ద్రవం మట్టం తగ్గితే పైన ఇంత పోసి ఊరుకోరాదు. ప్యాడ్లు అరిగేకొద్దీ ఆ మట్టం దిగుతుంది. లేదా ఎక్కడో కారుతూ ఉంటుంది.

అరుపులన్నీ అపాయాలు కావు. రాత్రంతా వానలో నిలిచిన కారు తెల్లవారి మొదటి నాలుగైదు సార్లు గీరినట్టు చప్పుడు చేస్తే అది పైపై తుప్పు, దానంతటదే పోతుంది. అలాగని చప్పుడు లేనంతమాత్రాన అంతా క్షేమమనీ కాదు. రేకు లేని ప్యాడ్లూ ఉన్నాయి. బయటి ప్యాడు నిక్షేపంగా కనిపిస్తూ, లోపలిది పూర్తిగా అరిగిపోయిన చక్రాలూ ఉంటాయి. హైబ్రిడ్, ఎలక్ట్రిక్ కార్లలో వేగాన్ని చాలావరకు మోటారే తగ్గిస్తుంది గనుక ప్యాడ్లు ఎక్కువకాలం వస్తాయి. కాని వాడకం తక్కువై, చలికాలం రోడ్ల మీద చల్లే ఉప్పుకు రోటార్లు తుప్పు తింటాయి.

వీటన్నిటికంటె పెద్ద చిక్కు మన కాలితో ఉంది. రోజూ అద్దంలో చూసుకునేవాడికి తన జుట్టు నెరవడం తెలియదు. అలాగే బ్రేకు రవ్వంత రవ్వంత బలహీనపడుతుంటే కాలు కూడా రవ్వంత రవ్వంత ఎక్కువ తొక్కడం అలవాటు చేసుకుంటుంది. ఎప్పుడో ఒకసారి ఆ కారు నడిపిన స్నేహితుడు "ఏమిటండీ, ఇది ఇంత ఆలస్యంగా ఆగుతోంది?" అంటే, "మా కారు అంతేనండీ" అంటాం. కనుక "నాకు బాగానే అనిపిస్తోంది" అనే సాక్ష్యం ఈ విషయంలో చెల్లదు. అనిపించడం మీద ఆధారపడరాదు, కొలవాలి.

కొలిచేవాడు ఎవరు? మన న్యూజెర్సీలో ఒకప్పుడు ఈ పని ప్రభుత్వమే చేసేది. 2010 ఆగస్టు నుంచి సొంత కార్లకు బ్రేకులు, స్టీరింగు వగైరాల పరీక్ష ఎత్తేశారు. పొగ పరీక్ష మాత్రం మిగిలింది. టెక్సాస్‌లో ఉన్న మన బంధుమిత్రులకు 2025 జనవరి 1 నుంచి అదే పరిస్థితి. అక్కడ పరీక్ష పోయింది గాని, దాని పేరిట 7 డాలర్ల 50 సెంట్ల రుసుము పోలేదు! డెలావేర్ నది దాటి పెన్సిల్వేనియాలో అడుగుపెడితే ఏటా బ్రేకులు చూపించుకోవాలి. హడ్సన్ దాటి న్యూయార్కులోనూ అంతే. ఇటువంటి పరీక్షలవల్ల ప్రమాదాలు తగ్గుతాయా లేదా అనే వాదం అలా ఉంచుదాం. బ్రేకులు బాగుండాలని చట్టం నదికి రెండు ఒడ్డులా అడుగుతుంది. చూసేవాడు మాత్రం ఒక ఒడ్డునే ఉన్నాడు. చూసేవాడు లేనిచోట ఆ భారం తొలగిపోలేదు. అది మన మీదికి మారింది.

ఇక్కడ ఒక పాత వ్యాసం గుర్తుకు వస్తుంది. 1877లో విలియం కింగ్డన్ క్లిఫర్డ్ అనే ఆంగ్ల గణితవేత్త నమ్మకాలకు కూడా నీతి ఉందని వాదిస్తూ ఒక ఓడ యజమాని కథ చెప్పాడు. ఓడ పాతది. పొట్టచేత పట్టుకుని పరదేశం పోయే కుటుంబాలు అందులో ఎక్కబోతున్నాయి. మరమ్మతు చేయించాలేమోనని యజమానికి అనుమానం కలిగింది. ఖర్చు గుర్తుకు వచ్చింది. ఇన్ని తుఫానులు దాటిన ఓడ ఇదొక్కటీ దాటదా అనుకున్నాడు, దేవుడున్నాడనుకున్నాడు. ఓడ కట్టినవాళ్ళ నిజాయితీని శంకించడం తగదని కూడా తనకు తానే చెప్పుకున్నాడు. అలా మెల్లగా అనుమానాన్ని అణచుకుని, ఓడ భద్రమైనదని మనస్ఫూర్తిగా నమ్మి పంపించాడు. ఓడ నడిసముద్రంలో మునిగింది. యజమాని ఇన్సూరెన్సు పుచ్చుకున్నాడు. క్లిఫర్డ్ తీర్పు ఏమిటంటే, అతడు మనస్ఫూర్తిగా నమ్మడం అతన్ని కాపాడదు. ఆ సాక్ష్యం మీద అలా నమ్మే హక్కు అతనికి లేదు. ఓడ క్షేమంగా ఒడ్డు చేరినా అతని దోషం ఆవగింజంత కూడా తగ్గదు.

మనం ఓడలు నడపడం లేదు, నిజమే. అయితే గరాజులో మెకానిక్కు "ప్యాడ్లు అయిపోయాయి, రోటార్లు కూడా మార్చాలి" అన్నప్పుడు మన మనసు ఏ దారి పడుతుందో గమనించండి. "వాళ్ళు అలాగే అంటారు. ఆయిల్ మార్చమని వెళ్తే అయిదు వందల పని తగిలిస్తారు" అనుకుంటాం. అందులో కొంత నిజమూ ఉంది. మోసపోయినవాళ్ళు మన చుట్టూ ఉన్నారు. కాని ఆ ఓడ యజమాని పనివాళ్ళ మీద అనుమానాన్ని అణచుకుని మనశ్శాంతి సంపాదించాడు. మనం పనివాడి మీద అనుమానం పెంచుకుని అదే మనశ్శాంతి సంపాదిస్తున్నాం. దారులు ఎదురెదురు, చేరిన ఊరు ఒకటే. అనుమానం మంచి గుణమే, అది మనల్ని ఇంకొక ప్రశ్నకు నడిపిస్తే. వాయిదాకు నడిపిస్తే అది సాకు మాత్రమే.

ఆ ఇంకొక ప్రశ్న కష్టమైనదేమీ కాదు. "ప్యాడు ఎన్ని మిల్లీమీటర్లు మిగిలింది? రోటారు మందం ఎంత, దాని మీద వేసిన కనీసపు అంకె ఎంత? మాకు చూపించండి" అని అడగడమే. నిజాయితీ గలవాడు కొలిచి చూపిస్తాడు. విసుక్కుంటే మరొక గరాజు ఉంది. ఒక చక్రానిది అరిగితే రెండో ప్రక్క చక్రానిది కూడా ఎందుకు మార్చాలని అడిగితే, రెండు ప్రక్కలా పట్టు సమంగా లేకపోతే కారు ఒకవైపుకు లాగుతుందని చెబుతాడు. అది మోసం కాదు, సరైన పద్ధతే.

"ఇంతకాలం ఏమీ జరగలేదు గదా" అనే వాదం ఒకటి మిగిలింది. 1976లో బెర్నార్డ్ విలియమ్స్, థామస్ నేగెల్ అనే ఇద్దరు తత్త్వవేత్తలు నీతిలో అదృష్టానికి పాలు ఉందా అని చర్చించారు. నేగెల్ ఇచ్చిన ఉదాహరణ సరిగా మన విషయమే. బ్రేకులు చూపించుకోవడం అశ్రద్ధ చేసిన ఒక ట్రక్కు డ్రైవరు. అతని దారిలోకి ఒక పిల్లవాడు పరుగెత్తుకు వచ్చాడు. అంతే అశ్రద్ధ చేసిన మరొక డ్రైవరు దారిలోకి ఎవరూ రాలేదు. మొదటివాడు జీవితాంతం కుమిలిపోతాడు, లోకం అతన్ని వేలెత్తి చూపుతుంది. రెండోవాడు ఇంటికి వెళ్ళి భోంచేసి నిద్రపోతాడు. ఇద్దరూ చేసింది ఒకటే. భేదం ఆ పిల్లవాడు రావడం, రాకపోవడం. ఇది న్యాయమా అని తత్త్వవేత్తలు ఇంకా తేల్చుకోలేదు. మనం తేల్చుకోగలిగింది ఒకటుంది. ఇంతవరకు ఏమీ జరగకపోవడం మన అదృష్టానికి సాక్ష్యం గాని మన జాగ్రత్తకు సాక్ష్యం కాదు.

కొత్త కారు కొనగానే గుడికి తీసుకువెళ్ళి, పూజ చేయించి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కిస్తాం. మంచి ఆచారమే, ఈ వాహనం వల్ల ఎవరికీ కీడు జరగరాదని దాని అర్థం. ఆ కోరిక నిజమైనదైతే, నిమ్మకాయను తొక్కిన ఆ చక్రం వెనుక ప్యాడు ఎంత మిగిలిందో ఏడాదికొకసారి చూపించుకోవడం కూడా ఆ పూజలో భాగమే కావాలి.

"ఇలా అయితే బ్రతకడమెలా? లిఫ్టు ఎక్కేముందు దాని తాడు కొలవాలా? విమానం ఎక్కేముందు రెక్కలు తడమాలా?" అని ఎవరైనా అడగవచ్చు. సరైన ప్రశ్నే. తెలుసుకోకపోవడం ఎప్పుడు దోషమవుతుందో చెప్పడానికి మూడు గుర్తులు చాలునని మాకు తోస్తుంది. కీడు జరిగితే అది పెద్దదై, ఇతరుల మీద పడేదై ఉండాలి. తెలుసుకోవడం మన చేతిలో పనై, చౌకగా జరిగేదై ఉండాలి. ఏదో ఒక సూచన మనకు అప్పటికే అంది ఉండాలి, లేదా అందకపోవడానికి కారణం మనమే అయి ఉండాలి. లిఫ్టు తాడు మన చేతిలో లేదు. బ్రేకు విషయంలో మూడూ కుదురుతాయి. బ్రేకు అరిస్తే రేడియో గొంతు పెంచినవాడు "తెలియలేదు" అనడానికి లేదు.

ఇతరులంటే ఎవరో దారిన పోయేవారే కాదు. ఇండియా నుంచి వచ్చి వెనుక సీట్లో కూర్చున్న అమ్మానాన్నలకు ఆ కీచుమనే చప్పుడుకు అర్థం తెలియదు. బిడ్డ నడుపుతున్నాడన్న నమ్మకం ఒక్కటే వారికి తెలుసు. కొత్తగా చదువుకోవడానికి వచ్చిన కుర్రాడికి మనం పాత కారు అమ్ముతాం. "అన్నయ్యగారూ, బండి బాగుందా?" అని అడుగుతాడు. "బ్రహ్మాండంగా ఉంది" అంటాం. ఉన్నది ఉన్నట్టుగా అమ్ముతున్నామని కాగితం మీద రాసుకుంటే కోర్టులో చాలునేమో. కాని అతడు కొన్నది కాగితాన్ని చూసి కాదు, అన్నయ్యను చూసి. అడగలేదు కాబట్టి చెప్పలేదనడం మన మధ్య చెల్లదు. ఆ కుర్రాడి దగ్గర ప్యాడ్లు మార్పించడానికి డబ్బు లేకపోతే అది వేరే సంగతి. లేనివాడి ఆలస్యమూ ఉన్నవాడి ఆలస్యమూ ఒకటి కావు. డబ్బు చేతికందే దాకా అతన్ని మన కారులో దింపడం, తెలిసిన మెకానిక్కు దగ్గరకు తీసుకువెళ్ళడం మన సంఘానికి మించిన పని కాదు.

కాబట్టి ఒక చిన్న సూచనతో ముగిస్తాం. ఈ పత్రికలో కారు అమ్మకానికి ప్రకటన ఇచ్చే సభ్యులు, ఏ సంవత్సరపు కారు, ఎన్ని మైళ్ళు తిరిగింది, రంగేమిటి అన్న వివరాలతో పాటు నాలుగు చక్రాల ప్యాడ్లూ ఎన్ని మిల్లీమీటర్లు మిగిలాయో, రోటార్ల మందం ఎంత ఉందో, ఏ తేదీన కొలిపించారో కూడా రాయండి. ప్రకటనలో ఒక పంక్తి పెరుగుతుంది, అంతే.