లేని డాలు

లేని వస్తువును లాక్కుంటే అది దొంగతనం అవుతుందా? తర్కశాస్త్రం పాఠం మొదలెట్టాననుకుని పేజీ తిప్పెయ్యకండి. ఇది నెదర్లాండ్స్ సుప్రీం కోర్టు దాకా వెళ్ళిన ప్రశ్న.

కంప్యూటర్లో ఆడే 'రూన్‌స్కేప్' అనే ఆట ఒకటుంది. 2001లో ఇంగ్లండులో పుట్టింది. కత్తులూ, మంత్రాలూ, భూతాలూ - మన కాశీమజిలీ కథల్లాంటి లోకం. కాకపోతే వేలమంది ఎవరిళ్ళల్లో వాళ్ళు కూర్చునే అందులో కలిసి తిరుగుతారు. ఆ ఆట పాత రూపాన్ని 2013లో మళ్ళీ తెరిచారు. అందులో ఎలీసియన్ డాలు అని ఒకటుంది. అది పట్టుకున్నవాడి మీద పడే దెబ్బల్లో సుమారు పదింట ఏడు, నాలుగోవంతు బలం తగ్గి తగులుతాయి. ఆ డాలుకు అతికించాల్సిన ముద్ర ఒక మహాభూతం దగ్గరుంది. భూతాన్ని చంపినప్పుడల్లా అది రాలిపడే అవకాశం 4,095లో ఒకటి!

మా అక్కయ్య కొడుకు దానికోసం నెలల తరబడి తంటాలు పడుతున్నాడు. "ఇనపదిట్రా, ఇత్తడిదా?" అనడిగింది అక్కయ్య. "బొమ్మేనమ్మా" అన్నాడు వాడు. "బొమ్మకోసమా ఈ జాగరణలు!" అని ఆవిడ వంటింట్లోకి వెళ్ళిపోయింది.

4,095 సార్లు చంపితే వచ్చి తీరుతుందిగా అంటారేమో. రాదండీ. అన్నిసార్లూ చంపినవాళ్ళు 100 మంది ఉంటే, లెక్క ప్రకారం దాదాపు 37 మంది ఉత్తచేతులతోనే మిగులుతారు. నిన్నటి చాకిరీ ఆ భూతానికి గుర్తుండదు. (అలాంటి అత్తగార్లూ ఉన్నారు లెండి.)

ఇక కోర్టు సంగతి. 2007లో నెదర్లాండ్స్‌లో ఇద్దరు కుర్రాళ్ళు 13 ఏళ్ళ పిల్లవాణ్ణి కొట్టి, కత్తి చూపించి, ఇదే రూన్‌స్కేప్‌లో వాడు సంపాదించుకున్న తాయెత్తునూ ముసుగునూ లాక్కున్నారు. "అవి ముట్టుకోవడానికి వీల్లేనివి, వస్తువులే కావు, దొంగతనం ఎక్కడిది?" అని వాదన. 2012లో కోర్టు ఒప్పుకోలేదు. పిల్లవాడు వాటిమీద కాలమూ, శ్రమా పెట్టాడు, కనుక వాడికి వాటి విలువ ఉంది, దొంగతనమే, అంది.

తీర్పు నాకు నచ్చింది. అయినా ఓ పేచీ ఉంది. శ్రమే విలువైతే, మొదటి భూతంతోనే ముద్ర దొరికిన అదృష్టవంతుడి డాలు చవకదవ్వాలి కదా? వాడి దగ్గర్నుంచి లాక్కున్నా అన్యాయమే అంటాం. పైగా నియమాల ప్రకారం ఆ డాలు ఆట నడిపే కంపెనీది. ఆడేవాడికి వాడుకునే అనుమతే తప్ప, బయట డబ్బుకి అమ్ముకునే హక్కు లేదు. అంటే దొంగతనాన్ని పోయిన వస్తువుతో కాక, పోగొట్టుకున్న మనిషితో కొలవాలేమో అనిపిస్తుంది నాకు.

ఆ కొలతా ఆ 37 మంది దగ్గర చాలదు. వాళ్ళూ అంతే శ్రమపడ్డారు. కానీ పోగొట్టుకోవడానికైనా వాళ్ళకేం మిగిలింది? పొద్దున వేసిన ముగ్గు మధ్యాహ్నానికి చెరిగిపోతుంది. వండింది రాత్రికి గిన్నెలతో సహా ఖాళీ. ముప్ఫయ్యేళ్ళు అలా చేసిన మనిషిని "ఇంట్లో ఊరికే ఉంటుంది" అని పరిచయం చేస్తారు. ఆమె దగ్గర్నుంచి ఎవరూ కత్తి చూపించి ఏమీ లాక్కోలేదు. మరి ఆ తీర్పు కాగితం పట్టుకుని ఆమె ఏ కోర్టు మెట్లెక్కాలి?